బ్యాంకాక్ అనేది అవతలి ఒడ్డు పేరు

థాయ్‌లాండ్ రాజధానిని థాయ్ భాషలో మాట్లాడేటప్పుడు ఎవరూ బ్యాంకాక్ అనరు. కార్ల నంబరు ప్లేట్ల మీద ఉండేది క్రుంగ్ తేప్ మహానఖోన్. జిల్లాల నుంచి వచ్చే బస్సుల మీద రాసి ఉండేది క్రుంగ్ తేప్. ఈశాన్యపు పల్లెల నుంచి పని వెతుక్కుంటూ బయల్దేరేవాళ్లు కూడా క్రుంగ్ తేప్ పోతున్నామనే చెబుతారు. అలాగని బ్యాంకాక్ అనేది తెల్లవాళ్లు కల్పించిన మాటా కాదు. అచ్చమైన థాయ్ పేరే. నగర పాలనా పటంలో ఇప్పటికీ రెండు వార్డులకు ఆ పేరు ఉంది: బాంగ్‌కాక్ నోయ్, బాంగ్‌కాక్ యాయ్. నోయ్ అంటే చిన్నది, యాయ్ అంటే పెద్దది. రెండూ చావ్ ఫ్రాయా నదికి పడమటి ఒడ్డున ఉన్నాయి. రాజభవనం, మరకత బుద్ధుడి గుడి, నగర స్తంభం, పాత కోటగోడల్లో మిగిలిన ముక్కలు మాత్రం తూర్పు ఒడ్డున ఉన్నాయి. అంటే రాజధాని ఒక ఒడ్డున వెలిసింది, ప్రపంచం దానికి తగిలించిన పేరు ఎదుటి ఒడ్డుది.

ఇది ఎవరో పటం తప్పు చదవడం వల్ల జరిగింది కాదు. ఆ రెండు పేర్లూ వేర్వేరు మనుషులు, వేర్వేరు అవసరాల కోసం వాడుకున్నవి. ఓడల మీద వచ్చినవాళ్లకు ఎక్కడ ఆగాలో చెప్పే రేవు పేరు చాలు. 1782లో గద్దెనెక్కిన కొత్త రాజుకు అది సరిపోదు. కాలిపోయిన పాత రాజధాని పోలేదు, చోటు మారిందంతే అని లోకానికి చాటే పేరు అతనికి కావాలి. క్రుంగ్ తేప్ అనే పేరును ఈ కోణం నుంచి చూస్తేనే అంత పొడుగు ఎందుకో అర్థమవుతుంది.

ముందు నది సంగతి చూడాలి. రాజభవనానికీ వాట్ అరుణ్ గుడి గోపురానికీ మధ్య కనిపించే వెడల్పాటి ప్రవాహం మొదట నది కాదు, మనుషులు తవ్విన కాలువ. 16వ శతాబ్దం దాకా చావ్ ఫ్రాయా ఇక్కడ పడమటికి పెద్ద వంక తిరిగి, మళ్లీ దాదాపు బయల్దేరిన చోటికే వచ్చి, సముద్రం వైపు సాగేది. సముద్రం నుంచి ఎగువన ఉన్న అయుత్తయ రాజధానికి వెళ్లే పడవలన్నీ ఆ వంకంతా చుట్టాల్సి వచ్చేది. 1534లో రాజ్యానికి వచ్చిన చైరాచాతిరాత్ అనే అయుత్తయ రాజు ఆ వంక మెడ దగ్గర అడ్డంగా సుమారు రెండు కిలోమీటర్ల కాలువ తవ్వించాడు. దగ్గరి దారి దొరికాక నీరు పాత దారిన ఎందుకు పోతుంది? ఏళ్లు గడిచేకొద్దీ కాలువ కోసుకుపోయి వెడల్పయి నది అయింది. నది పూడుకుపోయి కాలువైంది. ఆ పాత వంకలో ఉత్తరపు సగం ఇప్పటి బాంగ్‌కాక్ నోయ్ కాలువ, దక్షిణపు సగం బాంగ్‌కాక్ యాయ్ కాలువ. వాట్ అరుణ్ పక్కన యాయ్ కాలువలోకి దూరి, సిరిరాజ్ ఆస్పత్రి పక్కన నోయ్ కాలువ నుంచి బయటికొచ్చే పర్యాటకుల పడవలు నిజానికి పాత చావ్ ఫ్రాయా మీదే తిరుగుతున్నాయి.

బ్యాంకాక్ అనే ఊరు ఈ వంక చుట్టూ ఉండేది. పేరులో 'బాంగ్' విషయంలో పేచీ లేదు. నీటి పాయ ఒడ్డున ఉన్న ఊరికి ఆ మాట వాడతారు. బాంగ్ నా, బాంగ్ రక్, బాంగ్ సూ, బాంగ్ ఖే అంటూ నగరమంతా బాంగ్‌లే. పేచీ అంతా 'కాక్' దగ్గరే. ఎక్కువమంది చెప్పేది మకాక్ చెట్టు కథ. మకాక్ అంటే మన అడవిమామిడి జాతి చెట్టు, పుల్లటి కాయలు కాస్తుంది. పచ్చి బొప్పాయి తురుముతో థాయ్‌లు చేసే సోమ్ తమ్‌లో ఆ పులుపు పడుతుంది. థాయ్‌లో చాలా కాయల పేర్ల ముందు 'మ' వస్తుంది: మమువాంగ్ మామిడి, మఖామ్ చింత, మఫ్రావ్ కొబ్బరి. ఊరి పేరులో కలిసేటప్పుడు ఆ 'మ' రాలిపోయి బాంగ్‌కాక్ మిగిలిందని ఈ వాదం. వాట్ అరుణ్ గుడికి పూర్వం వాట్ మకాక్ అనే పేరు ఉండడం దీనికి బలం. రెండో వాదం 'కో' అనే మాటను పట్టుకుంది, అంటే ద్వీపం. కాలువ తవ్వాక వంక మధ్య నేల చుట్టూ నీళ్లతో లంకలా మారింది కాబట్టి 'లంక ఊరు' అని. వినడానికి ఇదీ బాగానే ఉంది గానీ ధ్వని కలవదు. థాయ్‌లో 'కో' గొంతులో టక్కున తెగిపోయే పొట్టి మాట. పాత ఐరోపా రాతల్లో ఈ ఊరి పేరు ఎన్ని రకాల స్పెల్లింగుల్లో కనిపించినా చివర క-కారం పోలేదు. చెట్టు వైపే మొగ్గాలి.

అయితే ఈ సందేహం ఇప్పటిది కాదు. 1687లో ఫ్రాన్సు రాజు 14వ లూయీ రాయబారిగా వచ్చిన సిమోన్ ద లా లూబేర్ తన పుస్తకంలో, ఈ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదని రాసుకున్నాడు. అప్పటికే ఊరివాళ్లకూ గుర్తులేనంత పాతబడిందన్నమాట.

ఆ కాలంలోనే ఊరికి కాగితం మీద వేరే పేరు ఉండేది. 16వ శతాబ్దం మధ్యలో మహాచక్రఫాత్ రాజు దీన్ని పట్టణం హోదాకు పెంచి 'థోన్‌బురి శ్రీమహాసముత్' అన్నాడు. తెలుగువాళ్లకు విప్పి చెప్పనక్కర్లేదు: ధనపురి శ్రీమహాసముద్రం. పేరు పెట్టినవాడి కన్ను దేని మీదుందో తెలిసిపోతోంది. సముద్రం నుంచి వచ్చే ఓడలు ఇక్కడ ఆగి, సరుకుల లెక్క చెప్పి, సుంకం కట్టాకే ఎగువకు కదలాలి. ఖజానా లెక్కల్లో అది థోన్‌బురి. సుంకం కట్టడానికి లంగరు దించిన నావికుడికి మాత్రం పడవవాళ్ల నోట విన్న బాంగ్‌కాకే. వాళ్ల పటాల్లోకి ఎక్కిందీ అదే. 1687లో లా లూబేర్‌తో పాటు వచ్చిన ఫ్రెంచి సైన్యం దేఫార్జ్ సేనాపతి కింద ఇక్కడి కోటలో దిగింది. మరుసటి ఏడాది నారాయ్ రాజు మంచాన ఉండగానే ఫెత్రాచా అధికారం చేజిక్కించుకున్నాక, సయామీలు (థాయ్‌లాండ్ పాత పేరు సయాం) ఆ కోటను నెలల తరబడి ముట్టడించి ఫ్రెంచివాళ్లను వెళ్లగొట్టారు. ఈ ముట్టడి కబుర్లు, కోట పటాలు ఐరోపాలో అచ్చయ్యాయి. బ్యాంకాక్ అనే మాట అక్కడ స్థిరపడడానికి వ్యాపారం ఎంత కారణమో ఈ రభసా అంతే కారణం.

మన తీరానికి సయాంతో ఆ రోజుల్లో గట్టి సంబంధమే ఉండేది గానీ అది బ్యాంకాక్ మీదుగా కాదు. గోల్కొండ పాలనలోని మచిలీపట్నం రేవు నుంచి అద్దకం బట్టలు ఎక్కువగా బంగాళాఖాతం దాటి మెర్గూయీలో దిగేవి. అది అప్పట్లో సయాంది, ఇప్పుడు మయన్మార్‌ది. అక్కడి నుంచి కొండదారిన అయుత్తయకు చేరేవి. సయాం గిరాకీ కోసం, అక్కడి దేవతల బొమ్మలూ జ్వాలల అంచులూ వేసి, కోరమండల్ తీరంలో ప్రత్యేకంగా బట్టలు రాసేవాళ్లు. ఆ దారిన పోయినవాళ్లకు బ్యాంకాక్ సుంకం కట్టాల్సిన పనే లేదు. తూర్పున సింధుశాఖ వైపు నుంచి వచ్చిన ఓడలకే ఆ ఊరు గుమ్మం.

1767 ఏప్రిల్‌లో ఏడాదికి పైగా సాగిన ముట్టడి తర్వాత బర్మా సైన్యం అయుత్తయను పట్టుకుని తగలబెట్టింది. నాలుగు శతాబ్దాలకు పైగా రాజధానిగా ఉన్న నగరం అది. పతనానికి ముందే కొద్దిమంది అనుచరులతో తప్పించుకుపోయిన టాక్సిన్ అనే అధికారి ఆగ్నేయ తీరంలో బలం కూడగట్టి, అదే ఏడాది చివరికల్లా తిరిగొచ్చి బర్మా దండును తరిమేశాడు. అయినా అయుత్తయలో కూర్చోలేదు. అంత పెద్ద శిథిల నగరాన్ని కాపాడేంత సైన్యం అతని దగ్గర లేదు. థోన్‌బురిలోనైతే కోట ఉంది. సముద్రం దగ్గర. చైనా వర్తకులు తెచ్చే బియ్యం, ఆయుధాలు నేరుగా చేతికందుతాయి. పరిస్థితి విషమిస్తే ఓడెక్కి పోవచ్చు. టాక్సిన్ తండ్రి తేచ్యూ చైనీయుడు కావడం వల్ల ఆ వర్తకులతో చుట్టరికమూ ఉంది. అలా సుంకాల ఊరు 15 ఏళ్లు రాజధాని అయింది.

1782లో టాక్సిన్ మీద తిరుగుబాటు లేచింది. కంబోడియా దండయాత్ర నుంచి వెనక్కొచ్చిన సేనాపతి చావ్ ఫ్రాయా చక్రీ ఏప్రిల్ 6న గద్దెనెక్కాడు. టాక్సిన్‌ను చంపించాడు. ఇప్పటి రాజవంశం అతనితోనే మొదలు. అతన్నే మొదటి రాముడు అంటున్నాం గానీ, రాజులకు రాముడు అనే వరుస సంఖ్య ఆరో రాజు వజిరావుధ్ 1916లో పెట్టిన పద్ధతి. 1782లో ఆ పిలుపు లేదు.

కొత్త రాజు చేసిన మొదటి పెద్ద నిర్ణయం నది దాటడం. టాక్సిన్ నగరం రెండు ఒడ్డుల మీదా పరుచుకుని ఉండేది. నది నడిబొడ్డున పారే ఇలాంటి ఊరిని థాయ్‌లు 'ఒక్ టేక్' అంటారు, రొమ్ము చీలిన ఊరని. శత్రువు పడవల మీద వస్తే నగరం రెండు ముక్కలు. ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డుకు సైన్యాన్ని చేర్చేలోపు పని అయిపోతుంది. పడమటి ఒడ్డు నీటి దెబ్బ తగిలే వైపు, గట్టు తెగి పడిపోతుండేది. రాజభవనానికి అటొక గుడి, ఇటొక గుడి ఉండడంతో పెంచుకునే వీలూ లేదు. తూర్పు ఒడ్డున అయితే మూడు వైపుల నది చుట్టుకుని కందకంలా ఉంది. మిగిలిన తూర్పు వైపు నడుము లోతు బురద నేల. బర్మా సైన్యం ఎప్పుడొచ్చినా పడమటి నుంచే వస్తుంది కనుక మధ్యలో నది అడ్డు. కారణాలన్నీ సబబైనవే. వీటి వెనక చెప్పని కారణం కూడా ఒకటి ఉండి ఉంటుంది. చంపించిన రాజు ఇంట్లో కాపురం పెట్టాలని ఏ కొత్త వంశమూ అనుకోదు.

ఎంచుకున్న చోటు ఖాళీగా లేదు. ఫ్రాయా చోదుక్ రాచ్చసేత్తి అనే పెద్దమనిషి నాయకత్వాన చైనీయులు అక్కడ కాపురాలూ దుకాణాలూ పెట్టుకుని ఉన్నారు. వాళ్లను గోడ అవతల, దక్షిణాన సాంఫెంగ్ వైపు తోటల్లోకి మార్చారు. ఇప్పటి యావరాత్ చైనాటౌన్‌కు పునాది ఈ ఖాళీ చేయించడమే. రాజధాని చరిత్ర చెప్పేటప్పుడు ఇది ఒక వాక్యంలో పోతుంది గానీ, రాజకోట లేచిన నేలను మడులుగా, బజారుగా చేసింది వాళ్లే.

ఏప్రిల్ 21న ఉదయం 6 గంటల 54 నిమిషాలకు నగర స్తంభం పాతారు. గద్దెనెక్కి 15 రోజులే అయింది, ఊరు ఇంకా లేదు. ముహూర్తం మాత్రం నిమిషాలతో సహా రికార్డయింది. ఇలాంటి తంతులు జరిపించిన బ్రాహ్మణులది దక్షిణ భారతం నుంచి వచ్చిన సంప్రదాయం. రెండేళ్లకు, 1784లో, వాళ్ల కోసం దేవసథాన్ గుడి కట్టారు. దాని ముందు పెద్ద ఉయ్యాల నిలబెట్టారు. అక్కడ ధనుర్మాసం రోజుల్లో చదివే పాఠాల్లో తమిళ శివభక్తి గీతం తిరువెంబావై ఆనవాళ్లు ఉన్నాయని పరిశోధకులు గుర్తించారు. చదివేవాళ్లకు అర్థం తెలియకుండానే తరాలు దాటి వచ్చాయవి.

తర్వాత జరిగిన పనులన్నీ అయుత్తయ నమూనాలోనే సాగాయి. అయుత్తయ ద్వీపం కాబట్టి ఇదీ ద్వీపం కావాలి. కంబోడియా నుంచి తెచ్చిన వేలమందితో తూర్పున కొత్త కాలువ తవ్వించి రెండు చివర్లా నదిలో కలిపారు. దాంతో నడుమ ఉన్న భాగం రత్తనకోసిన్ ద్వీపమైంది. అయుత్తయలో జనం పడవలెక్కి పాటలు పాడుకునే మహానాక్ కాలువ ఉండేది, ఇక్కడా ఒకటి తవ్వి అదే పేరు పెట్టారు. అక్కడ రాజభవనం ఆవరణలోనే భిక్షువులు కాపురముండని రాజగుడి ఉండేది, ఇక్కడా అలాగే కట్టారు. గోడలకు కావలసిన ఇటుకలు ఎక్కడివనుకున్నారు? అయుత్తయ గోడలు విప్పి పడవల్లో దింపుకొచ్చారు. దానివల్ల ఒక పనికి రెండు లాభాలు: కొత్త కోట లేచింది, పాత నగరంలో మళ్లీ ఎవరూ దాగి తిరగబడే వీల్లేకుండా పోయింది. ఉత్తరాదిన పాడుబడ్డ గుళ్ల నుంచి వెయ్యికి పైగా బుద్ధ విగ్రహాలు తెచ్చి వాట్ ఫో మండపాల్లో వరుసగా కూర్చోబెట్టారు. 14 బురుజులు కట్టారు, వాటిలో ఫ్రా సుమేన్, మహాకాన్ అనే రెండే ఇప్పుడు మిగిలాయి. సుమేన్ అంటే సుమేరువే.

ఇక పేరు. మొదట్లో ఇంత పొడుగు లేదు. కోట కట్టడం పూర్తయి, 1785లో ఘనంగా పట్టాభిషేకం జరిపాక వచ్చిన రూపానికి తర్వాతి రాజులు చేర్పులు మార్పులు చేశారు. 'బవోన్' అనే మాట తీసి 'అమోన్' పెట్టింది నాలుగో రాజు మోంగ్‌కుట్. బవోన్ అంటే ప్రవర, అమోన్ అంటే అమర. చివరికి నిలిచిన పాఠం ఇది:

క్రుంగ్ తేప్ మహానఖోన్ అమోన్ రత్తనకోసిన్ మహింతరా అయుత్తయా మహాదిలోక్ ఫోప్ నొప్ఫరత్ రాచ్చథానీ బురీరోమ్ ఉదోమ్ రాచ్చనివేత్ మహాసథాన్ అమోన్ ఫిమాన్ అవతాన్ సథిత్ సక్కథత్తియ విత్సనుకమ్ ప్రసిత్.

ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే 168. ప్రపంచంలో అతి పొడుగు ఊరి పేరుగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. ఇంగ్లీషు చదువరికి ఇదొక వింత. తెలుగు చదువరికి కాస్త పట్టి చూస్తే రాజుల కాలపు బిరుదావళి. థాయ్ గొంతులో సంస్కృత, పాళీ మాటలు ఎలా మారతాయో రెండు మూడు సూత్రాలు తెలిస్తే చాలు. చివరి ర-కారం న-కారం అవుతుంది: నగర నఖోన్, అమర అమోన్, అవతార అవతాన్. చివరి వ-కారం, భ-కారం పెదవులు మూసుకుని ప్ అవుతాయి: దేవ తేప్, భవ ఫోప్. ద, ధ చాలాచోట్ల థ లాగా పలుకుతాయి. ఈ తాళంచెవి పెట్టి తిప్పితే ఇలా వస్తుంది: దేవ మహానగర, అమర రత్నకౌశికేంద్ర, మహేంద్రాయోధ్య, మహాతిలక భవ, నవరత్న రాజధానీ, పురీరమ్య, ఉత్తమ రాజనివేశన మహాస్థాన, అమర విమాన అవతార స్థిత, శక్రదత్తియ, విష్ణుకర్మ ప్రసిద్ధి. ఇందులో పరాయిగా అనిపించేది మొదటి మాట 'క్రుంగ్' ఒక్కటే. అది ఖ్మేరు నుంచి వచ్చింది, రాజధాని అని అర్థం.

ఇంగ్లీషు గైడు పుస్తకాలు దీన్ని 'ఏంజెల్స్ నగరం' అని రాసి, అమెరికాలోని లాస్ ఏంజెలిస్‌తో జంట కడుతుంటాయి. తేప్ అంటే రెక్కల దేవదూత కాదు, దేవుడు. ఏ దేవుడో కూడా పేరే చెబుతోంది. కోసిన్‌లో ఉన్న కౌశికుడు ఇంద్రుడు. విశ్వామిత్రుడికీ ఆ పేరుంది కాబట్టి మనవాళ్లు తికమకపడొచ్చు, ఇక్కడ మాత్రం ఇంద్రుడే. మహింతరాలో ఉన్నది మహేంద్రుడు. సక్క అంటే శక్రుడు. ఒకే పేరులో ఇంద్రుడు మూడుసార్లు వచ్చాడు. ఎందుకింత ఇంద్రజపం అంటే, సయామీ చిత్రాల్లో ఇంద్రుడి ఒళ్లు పచ్చన. ఇంద్రుడి రత్నం అంటే పచ్చరాయి. రాజు దగ్గర సరిగ్గా అలాంటిదే ఒకటి ఉంది.

దాని వెనక కథ ఉంది. 1779లో చక్రీ, రాజు కాకముందు, సేనాపతిగా లావోస్‌లోని వియంటియాన్‌ను జయించి అక్కడి నుంచి పచ్చరాతి బుద్ధ విగ్రహాన్ని తెచ్చాడు. ఎత్తు 66 సెంటీమీటర్లే. మరకత బుద్ధుడు అంటారు గానీ రాయి మరకతం కాదు, జేడు జాతి పచ్చరాయి. దాని స్థలపురాణం ప్రకారం నాగసేనుడనే బౌద్ధ భిక్షువు కోసం ఆ రత్నాన్ని తెచ్చింది ఇంద్రుడు, చెక్కింది విశ్వకర్మ. ఇప్పుడు నగరం పేరు తోక చూడండి: శక్రుడు ఇచ్చినది, విశ్వకర్మ నిర్మించినది. విగ్రహానికి చెప్పిన మాటే నగరానికీ చెప్పారు. రత్తనకోసిన్ అంటే ఆ రత్నాన్ని దాచిన కోట. అంటే ఈ పొడుగు పేరు పొగడ్తల దండ మాత్రమే కాదు. వియంటియాన్ నుంచి తెచ్చుకున్న విగ్రహం ఇక్కడిదే, ఇక్కడే ఉండాలి అని రాసుకున్న దస్తావేజు కూడా. లావోవాళ్లు ఆ విగ్రహాన్ని ఇప్పటికీ మరచిపోలేదు. వియంటియాన్‌లో అది ఉండిన గుడి ఇప్పుడు మ్యూజియం.

విశ్వకర్మ విష్ణుకర్మ ఎలా అయ్యాడన్నది చిన్న సంగతే. పాళీలో ఆయన విస్సకమ్మ. థాయ్‌లోకి వచ్చేసరికి రాతలో విష్ణువు దూరాడు. ఇప్పుడక్కడ చేతిపనులకు, సాంకేతిక విద్యాలయాలకు ఇష్టదైవం ఫ్రా విత్సనుకమే.

ఇక అసలు మాట అయుత్తయ. మహేంద్రాయోధ్య అన్న చోట రాముడి అయోధ్యే ఉంది. యుద్ధంలో గెలవరానిది అని అర్థం. అది రెండుసార్లు బర్మా చేతిలో ఓడింది, 1569లో ఒకసారి, 1767లో ఇంకోసారి. అయినా ఆ పేరును వదల్లేదు, పైపెచ్చు ముందు మహేంద్రుణ్ణి తగిలించారు. క్రుంగ్ తేప్ అన్నది కూడా కొత్తగా పుట్టిన పేరు కాదు. అయుత్తయ పూర్తి పేరు క్రుంగ్ తేప్ థవారవదీ శ్రీ అయుత్తయ. పైన చెప్పిన లా లూబేర్, సయామీలు తమ రాజధానిని అయుత్తయ అనడమే కాక అప్పుడప్పుడు 'క్రుంగ్ తేప్ ఫ్రా మహానఖోన్' అని కూడా అంటారని రాశాడు. అది 1687 నాటి మాట. తూర్పు ఒడ్డున చైనీయుల దుకాణాలున్న నేలకు దేవనగరి కావడానికి ఇంకా దాదాపు వందేళ్లు ఉంది. అంటే 1782లో రాజు చేసింది నామకరణం కాదు, పేరు బదిలీ. ఇటుకలు, కాలువల పేర్లు, విగ్రహాలు, బురుజులు, చివరికి నగరం పేరు, అన్నీ ఎగువ నుంచి దిగువకు తెచ్చుకున్నవే. బర్మావాళ్లు నాశనం చేసింది ఒక స్థలాన్ని, రాజధానిని కాదు అన్నది ఆ పేరులోని వాదం.

ఇంత వాదం విదేశీ ఓడవాళ్ల చెవికెక్కలేదు. 1782కు ముందూ తర్వాతా వాళ్లు ఆగే చోటు మారలేదు. అదే నది, అదే వంక, లంగరు దించే చోటూ అదే. ఒడ్డు మారినా పటంలో చుక్క మారలేదు. బర్నీ 1826లో, బౌరింగ్ 1855లో బ్రిటిష్ తరఫున కుదుర్చుకున్న ఒప్పందాల్లో ఊరి పేరు బ్యాంకాకే. దౌత్య కాగితాల్లోకి ఎక్కిన పేరు ఇక దిగదు. కాన్సులేట్లు, తపాలా, ఓడల కంపెనీలు, చివరికి విమాన టికెట్ల మీద మూడక్షరాల సంకేతం దాకా అదే నడిచింది. సయాం రాజులూ దీన్ని పెద్ద పట్టింపుగా తీసుకోలేదు. దేశం బయట బ్యాంకాక్, లోపల క్రుంగ్ తేప్. వలస పాలన ఎన్నడూ లేని దేశం కాబట్టి, రంగూన్‌ను యాంగోన్‌గా మార్చినట్టు ఇక్కడ పరాయి పేరు కడిగేసుకోవాలన్న కసి పుట్టలేదు. బ్యాంకాక్ పరాయిదే కాదు కదా, అవతలి ఒడ్డుది.

ఆ అవతలి ఒడ్డు చాలాకాలం వేరే ఊరుగానే ఉంది. థోన్‌బురి వేరే జిల్లా, తూర్పున ఫ్రా నఖోన్ వేరే జిల్లా. 1971 చివర్లో రెంటినీ కలిపారు, 1972లో ఆ మొత్తానికి క్రుంగ్ తేప్ మహానఖోన్ అని అధికారికంగా పేరు పెట్టారు. అలా పాత బ్యాంకాక్ ఊరు 190 ఏళ్ల తర్వాత తన పేరు మోస్తున్న నగరంలో వార్డుగా చేరింది.

2022 ఫిబ్రవరి 15న థాయ్ మంత్రివర్గం ఊళ్ల పేర్ల రాత గురించి, థాయ్ భాష ప్రమాణాలు చూసే రాయల్ సొసైటీ కార్యాలయం పంపిన ముసాయిదాకు సూత్రప్రాయంగా ఒప్పుకుంది. బ్యాంకాక్ పేరు మారిపోయిందని ప్రపంచమంతా గోల మొదలైంది. మీమ్స్ వచ్చాయి, పర్యాటక ఏజెన్సీలకు ఫోన్లు వెళ్లాయి. ఆ కార్యాలయం వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది: రెండు పేర్లూ చెల్లుతాయి, ఎవరికి నచ్చింది వాళ్లు వాడుకోవచ్చు. జరిగిన మార్పల్లా ఒక విరామ చిహ్నం. 2001 నాటి జాబితాలో 'క్రుంగ్ తేప్ మహానఖోన్' తర్వాత సెమీకోలన్ పెట్టి బ్యాంకాక్ అని రాశారు. కొత్త జాబితాలో ఆ సెమీకోలన్ తీసేసి బ్యాంకాక్‌ను బ్రాకెట్లలో పెట్టారు.